కొళాయి లేని పిల్ల

మా మనవరాలు బ్యాంకు పరీక్షకు చదువుతోంది. చదువుతోంది అంటే మంచం మీద బోర్లా పడుకుని ఫోన్‌ను బొటనవేలితో పైకి తోస్తూ ఉంటుంది. నంద్యాలలో ఇప్పుడు ఏ సందులో చూసినా ఈ కోచింగు పిల్లలే. చేతిలో టీ గ్లాసు, నోట్లో ఇంగ్లీషు ముక్కలు. దాని ఫోన్‌లో ఒక ఆట ఉందట. ఒక ఇంగ్లీషు మాట వస్తుంది. దాని అర్థం చెప్పాలి, ఆ తర్వాత అది మంచి మాటో చెడ్డ మాటో చెప్పాలి. ఒప్పయితే పచ్చ టిక్కు, తప్పయితే ఎర్ర ఇంటూ. మాటల్లో మంచివీ చెడ్డవీ ఏమిటే అని నేను నవ్వితే, "నీకు తెల్దులే అవ్వా" అంటుంది. నేను కూడా పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైన మనిషినేనని దానికి గుర్తుండదు.

మొన్న సాయంత్రం నేను గుమ్మం దగ్గర కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్నాను. వీధిలో మినరల్ వాటర్ ఆటో అరుచుకుంటూ పోతోంది. లోపలినుంచి మనవరాలు కేకేసింది.

"అవ్వా, అన్‌ట్యాప్డ్ అంటే ఏంది?"

"ఏందీ?"

"అన్‌ట్యాప్డ్! స్పెల్లింగ్ చెప్పాల్నా?"

"అక్కర్లేదు. నాకు తెలుసు" అన్నాను.

తెలియక ఎక్కడికి పోతుంది! మా ఇంట్లో ఇంకే ఇంగ్లీషు మాటా తెలియని రోజుల్లో ఆ ఒక్క మాట తెలుసు. మా నాయన చచ్చిపోయేదాకా దాన్ని పదిమందికీ చెప్పుకున్నాడు. మా అక్క చచ్చిపోయేదాకా దాని గురించి బయట నోరెత్తలేదు. అది ఎలా వచ్చిందో, వచ్చి ఏం చేసిపోయిందో చెప్పాలంటే ఆళ్లగడ్డ దాకా పోవాలి. ఇప్పుడు బస్సెక్కితే వచ్చే ఆళ్లగడ్డ కాదు.

మా నాయనకు ఆ ఊరి బజారులో చిల్లర అంగడి ఉండేది. ముందు అంగడి, వెనక ఇల్లు. బెల్లం, ఇంగువ, గోనెపట్టలు, కిరసనాయిలు అన్నీ కలిసిన వాసన మా పక్కబట్టలకు కూడా అంటుకుని ఉండేది. బడికి పోతే పక్కనున్న పిల్ల నా గౌను వాసన చూసి "ఈపొద్దు మీ అంగట్లోకి ఎండుమిరపకాయలు వచ్చినాయా?" అని అడిగేది. నాయన మంచివాడే కానీ నవ్వడు. అంగట్లో నవ్వితే బేరం చెడుతుందని ఆయనకొక నమ్మకం. అంగట్లో బిగించిన ముఖాన్ని ఇంట్లోకి వచ్చినా వదులు చేసేవాడు కాదు. పొగడాల్సి వస్తే "ఊ" అనేవాడు. ఆ "ఊ" కోసం మేమిద్దరం కొట్టుకునేవాళ్లం.

మా వీధి దాటగానే శిల్పాల కొట్టాలు. పొద్దున లేస్తే ఉలి చప్పుడు, పొద్దు గుంకేదాకా అదే. ఒక చోట వినాయకుడి బొజ్జ, ఒక చోట ముఖం లేని అమ్మవారు, ఇంకో చోట కాళ్లు మాత్రమే ఉన్న నంది. అరిగిన ఉలులను కొలిమిలో కాల్చి నీళ్లలో ముంచితే చుయ్యిమని పొగ లేచేది. ఆ ఇనప వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. ఆ కొట్టాల పక్కనే బోరింగు. మా వీధి వాళ్లందరికీ అదే తాగునీళ్లు. పొద్దునా సాయంత్రం నేనూ అక్కా బిందెలు తీసుకుని పోయేవాళ్లం. వరుసలో బిందె పెట్టి, మా వంతు వచ్చేలోపల కొట్టాల్లోకి దూరేవాళ్లం. వంతు వచ్చినా తిరిగొచ్చేవాళ్లం కాదు. ఇంటికి పోయేసరికి అమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉండేది.

"నీళ్లు కొడ్తాండారా, కొత్త బోరు తవ్వుతాండారా ఆడ?"

"వరుస ఎక్కువ ఉండాదమ్మా" అని అక్క ముఖం మీద ముఖం పెట్టి అబద్ధం చెప్పేది. దాని జడకు రాతిపొడి అంటుకుని ఉండేది. అమ్మ దాన్ని చూసి కూడా చూడనట్టు దులిపేసేది.

అక్కకు ఒక పిచ్చి ఉండేది. కనిపించిన ప్రతిదాన్నీ వేలి కణుపుతో తట్టి వినడం. ఆ పిచ్చి కొట్టాల్లో అంటుకున్నదే. అక్కడ అందరికంటే పెద్దాయనను మేము ఆచారి తాత అనేవాళ్లం. నోట్లో ఎప్పుడూ ఆకువక్క ఉండేది. ఉలి పట్టకముందు ఆయన ప్రతి రాయినీ చిన్న సుత్తితో అక్కడా ఇక్కడా తట్టి, చెవి వొగ్గి వినేవాడు. గట్టి రాయి కంచు మాదిరి ఖంగుమంటుంది. లోపల పగులు ఉన్న రాయి బొంగురుగా పలుకుతుంది. పైకి ఎంత నున్నగా ఉన్నా సరే, అలాంటి రాయిని పక్కకు తోసేసేవాడు. అక్క అది చూసి నేర్చుకుంది. అంగట్లో టెంకాయలు తట్టి ఏది ముదురో, ఏది కుళ్లిందో చెప్పేది. నాయన ముఖ్యమైన బేరాలకు దాన్నే పిలిచేవాడు. "పాపా, బేగా రా, ఈ టెంకాయ చూడు." అక్క తట్టి ఇచ్చేది. నాయన "ఊ" అనేవాడు. నాకు కడుపు మండిపోయేది. నా తల కూడా తట్టి చూసేది. "లోపల పగులుంది, బొంగురు పోతాంది" అని పడీపడీ నవ్వేది. నేను ఏడుస్తూ అమ్మ దగ్గరకు పోతే, అమ్మ కూడా నవ్వేది.

ఒకసారి అందరూ పనికిరాదని పడేసిన రాళ్ల గుట్టలోనుంచి అక్క ఒక నల్లరాయి చూపించింది. పీట అంత ఉంటుంది. ఒక మూల విరిగి ఉంది. "ఇది బాగుంది తాతా" అంది. ఆచారి తాత వచ్చి తట్టాడు. మళ్లీ తట్టాడు. ఆకువక్క ఉమ్మేసి వచ్చి మళ్లీ తట్టాడు. ఆ రాయి గుడిగంట మాదిరి మోగింది.

"నీకు చెవి ఉండాది పాపా" అన్నాడు. "దీన్ని నీకే పెట్టినా. నువ్వు ఉలి పట్టేదాంక ఎవురూ దీన్ని తాకరు. ముందు తామరపువ్వు కొట్టాల. పువ్వు వచ్చినాంకనే దేవుడైనా, మనిషైనా."

"ఉలి ఎప్పుడు ఇస్తావ్ తాతా?"

"మీ నాయన సరే అంటే ఇస్తా. శెట్టి బిడ్డకు నేను ఉలి ఇచ్చినానని రేపు మీ నాయన నా మీదికి వస్తే?"

అక్క ఆ రాయిని చూసుకోవడానికి రోజూ పోయేది. చుట్టాన్ని పలకరించినట్టు పోయి ఒకసారి తట్టి, విని, వచ్చేది. ఉలి లేదు గనుక బడిలో సుద్దముక్కల మీద పడింది. జడ పిన్నుతో చెక్కి, వాటిని తామరపువ్వులు చేసేది. గోరంత పువ్వులు, రేకులన్నీ విడివిడిగా. ఒకరోజు ఇంగ్లీషు టీచరమ్మ బోర్డు మీద రాయడానికి సుద్ద పెట్టె తెరిస్తే అన్నీ పువ్వులే. నేను చిన్న తరగతి, కిటికీ బయటినుంచి చూస్తున్నాను. అక్కకు బెత్తం దెబ్బలు తప్పవనుకున్నా. టీచరమ్మ ఒక పువ్వును అరచేతిలో పెట్టుకుని వెలుగులోకి పోయి చూసింది. అన్నిటినీ తన చేతిరుమాలులో మూటకట్టుకుంది. "బోర్డు మీద నేను దేంతో రాయాల్నే?" అని మాత్రం అంది.

టీచరమ్మది నంద్యాల. తెల్లచీర కట్టుకునేది. ఆదివారం చర్చికోసం ప్రతి శనివారం నంద్యాల బస్సెక్కేది. ఆమె అక్కను కూర్చోబెట్టి అన్నీ అడిగింది. రాయి సంగతి, తాత సంగతి అక్క చెప్పేసింది. నంద్యాలలో తనకు తెలిసిన డ్రాయింగు మాస్టరు ఉన్నాడని, తన ఇంట్లోనే ఉండి చదువుకుంటూ ఆయన దగ్గర నేర్చుకోవచ్చని, సెలవుల్లో వచ్చి ఆచారి తాత దగ్గర ఉలి పట్టవచ్చని టీచరమ్మ అంది. "మీ నాయనతో నేను మాట్లాడతా" అంది. ఆ మాటతో మా అక్క భూమ్మీద నడవడం మానేసింది.

వేసవి సెలవులు ఇచ్చిన రోజు టీచరమ్మ సంచీ భుజాన వేసుకుని బస్సుకు పోతూ మా అంగడి ముందు ఆగింది. మేమిద్దరం బియ్యం బస్తాల వెనక దాక్కుని వింటున్నాం. అంగట్లో జనం కిటకిటలాడుతున్నారు.

"శెట్టిగారూ, మీ పెద్దపాప సంగతి చెప్పాలని వచ్చినా. ఆ పిల్ల అన్‌ట్యాప్డ్ అండీ. ఆ చేతులు బిందెలు మోసేదానికి కాదు. ఇంట్లో ఇంత ఉండి కూడా వాడుకోకుంటే ఎట్లా? ఊరికే పారబోసుకోవద్దు. మీరు మనసు పెడితే అయ్యే పనే."

అంతలో బస్సు హారన్ కొట్టింది. ఆమె అటూ ఇటూ చూసి, "సెలవులు అయినాక వచ్చి మిగతాది మాట్లాడతా" అని చీర కుచ్చిళ్లు పట్టుకుని పరుగెత్తింది.

నాయన తూనిక ఆపి, అంతమంది ముందు, "అట్లనే అమ్మా, చేస్తాం" అని గట్టిగా అన్నాడు.

అక్క నా చెయ్యి గిచ్చింది. ఎంత గట్టిగా గిచ్చిందంటే రక్తం చిమ్మింది. నేను అరవబోతే నోరు మూసి, చెవిలో "నాయన సరే అన్నాడే! విన్నావా? సరే అన్నాడు!" అంది. దాని కళ్లల్లో నీళ్లు. బస్తాల మధ్య ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని ఎగిరాం. నాకు గిచ్చిన నొప్పి కూడా తెలియలేదు.

నాయనకు ఆ ఇంగ్లీషు మాట అర్థం కాలేదు. అంతమంది ముందు అడగడానికి నామోషీ. ఆ సంగతి నాకు చాలా కాలం తర్వాత అమ్మ చెప్పింది. మరుసటి రోజు పొద్దున్నే ఆయన పోయి కాంపౌండరును పట్టుకున్నాడట. మా వీధి ఇంగ్లీషుకంతా ఆ కాంపౌండరే దిక్కు. మందు సీసాల మీద ఉన్నది చదవగలడు గనుక లోకంలో ఉన్నదంతా చదవగలడని మా వాళ్ల లెక్క.

"ట్యాప్ అంటే కొళాయి శెట్టీ" అన్నాడట కాంపౌండరు. "అన్ అంటే లేదు అని. అన్‌ట్యాప్డ్ అంటే కొళాయి లేనిది."

"పాపకు కొళాయి లేకపోవడమేందప్పా?"

"పాపకు కాదు, మీ ఇంటికి. ఇంతింత అంగడి పెట్టుకోని ఆడబిడ్డతో బోరింగు నీళ్లు మోయిస్తాండావని. టీచరమ్మ మర్యాదస్తురాలు. నలుగురిలో తెలుగులో చెప్తే నీకు తలవంపులని ఇంగ్లీషులో అనింది."

నాయన టీచరమ్మ మాటలన్నీ మళ్లీ గుర్తు చేసుకున్నాడట. బిందెలు మోసేదానికి కాదు. ఇంట్లో ఇంత ఉండి. ఊరికే పారబోసుకోవద్దు. అన్నీ నీళ్ల మాటలే! తప్పు పట్టడానికి ఒక్క సందు లేదు. "బిడ్డ భుజాలు కాయలు కాసినాయేమో, నేను ఎప్పుడన్నా చూసినానా?" అని ఆయన అమ్మ ముందు కళ్లు తుడుచుకున్నాడట. మా నాయన ఏడ్చాడంటే నేను నమ్మలేదు. అమ్మ ఒట్టేసి చెప్పింది. "పాపకు చెప్పాకు, అయినాంక చూస్తాది" అని కూడా అన్నాడట.

అప్పట్లో ఇంటికి కొళాయి అంటే మాటలు కాదు. పంచాయతీ ఆఫీసు చుట్టూ తిరగాలి, మెయిన్ లైను నుంచి గుంత తవ్వించుకోవాలి, పైపులు మనమే తెచ్చుకోవాలి. మా వీధిలో ఎవరికీ లేదు. నాయన అంగడి అమ్మకు అప్పగించి రోజూ తిరిగాడు.

ఆ రోజుల్లో అక్కను చూడాల్సింది. ఆచారి తాత దగ్గరకు పోయి "నాయన సరే అన్నాడు తాతా!" అని అరిచింది. ఆయన నమ్మలేనట్టు చూసి, బొరుగుల పొట్లం మా ఇద్దరి చేతుల్లో పెట్టాడు. ఎర్ర జాజు నూరి ఇచ్చాడు. అక్క ఆ నల్లరాయి మీద తామరపువ్వు గీసింది. గీసి చెరిపి, చెరిపి గీసి, చివరికి ఆయన తల ఊపేదాకా గీసింది. నంద్యాల పోయినాక టీచరమ్మ ఇంట్లో ఏ పక్క పడుకోవాలి, నన్ను ఎన్నిసార్లు చూడటానికి రావాలి, అన్నీ నాతో మాట్లాడేది. నాకు లోపల ఏడుపుగా ఉన్నా "నాకు నంద్యాలనుంచి ఏం తెస్తావ్?" అని బేరం పెట్టేదాన్ని. ఇంటి ముందు గుంత తవ్వుతుంటే "ఎందుకు నాయనా?" అని అక్క అడిగింది. "నీ కోసరమే లే" అన్నాడు. మేము అదేదో అంగడి పని అనుకున్నాం.

కొళాయి కింద బిందె పెట్టడానికి ఒక మంచి రాయి కావాలని నాయన శిల్పాల కొట్టానికి పోయాడు.

"మా పెద్దపాపకు ఒక రాయి కావాలప్పా" అన్నాడట.

ఆచారి తాత ముఖం వెలిగిపోయిందట. శెట్టి తానే వచ్చి బిడ్డ కోసం రాయి అడుగుతున్నాడు! పిల్ల ఇంట్లోనే కూర్చుని చెక్కుకుంటుందని ఆయన అనుకున్నాడు. "ఆ పాప రాయి ఎప్పుడో పక్కకు పెట్టినా శెట్టీ. దుడ్లు వద్దు. తీస్కపో" అని తానే బండి మీదికి ఎక్కించాడు.

బండి మా ఇంటి ముందు ఆగేసరికి నేనూ అక్కా గడప మీద ఉగ్గాని తింటున్నాం. నాయన ఆ రోజు వీధి వీధంతటికీ ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టించాడు. అక్క బండిలో తన రాయిని చూసి ప్లేటు కింద పెట్టేసి లేచింది. ఎర్ర తామరపువ్వు ఎండలో మెరుస్తోంది.

"నాయనా, ఆ రాయి..."

"నీకే పాపా. నీ పేరు చెప్తే ఆచారి ఊరికే ఇచ్చినాడు."

అక్క నా వైపు తిరిగి నవ్విన నవ్వు చెప్పడం నాకు చేతకాదు. అంతలో మేస్త్రి రాయిని దించి వెనక్కి మోయించుకున్నాడు. అంగడి వెనక, ఇంటి గోడ పక్కన సిమెంటు కలిపి పెట్టుకుని ఉన్నాడు. రాయిని దాంట్లో కూర్చోబెట్టి, అంచులన్నీ తాపీతో మెత్తాడు. పైన కొళాయి. అప్పటిదాకా దాని మీద గోనెపట్ట కప్పి ఉంచారు. నాయన తన చేతులతో ఆ పట్ట తీశాడు.

వీధి వాళ్లంతా మూగారు. కాంపౌండరు ముందు వరుసలో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"టీచరమ్మ నా అంగట్లోకి వచ్చి ఒక మాట అనింది" అన్నాడు నాయన అందరికీ వినిపించేటట్టు. "నా బిడ్డ కొళాయి లేని పిల్ల అనింది. ఈపొద్దు నుంచి నా బిడ్డ బోరింగు కాడికి పోయే పని లేదు. అడుగు బయట పెట్టే పని లేదు!"

కొళాయి తిప్పాడు. ముందు గాలి బుస్సుమంది. తర్వాత మట్టినీళ్లు, ఆ తర్వాత తెల్లని నీళ్లు ధార కట్టాయి. జనం చప్పట్లు కొట్టారు. మా నాయన నవ్వాడు. పళ్లన్నీ కనిపించేటట్టు, చిన్నపిల్లవాడు నవ్వినట్టు నవ్వాడు. నేను పుట్టాక అదే మొదలు చూడటం.

"ఏం పాపా, సంతోషమేనా?"

అక్క నోరు తెరిచింది. అది నేను చూశాను. ఏదో అనబోయింది. నాయన ముఖం వైపు చూసింది. నోరు మూసుకుంది.

"సంతోషమే నాయనా" అంది.

జాజు కరిగి నీళ్లు ఎర్రగా కాలువలోకి పోతున్నాయి. కాసేపటికి రాయి ఉత్త నల్లరాయి అయిపోయింది. అమ్మ బిందె తెచ్చి దాని మీద పెట్టింది.

ఆ తర్వాత అక్కకు కొట్టాల వైపు పోవడానికి సాకు లేకుండా పోయింది. వయసొచ్చిన పిల్ల, నీళ్లు ఇంట్లోనే ఉన్నాయి, ఇంక వీధి దాటే పనేముంది? నాకు ఒకసారి ఆచారి తాత బజారులో కనిపించాడు. "పాప మొదలు పెట్టిందా?" అని ఆశగా అడిగాడు. "దాని మీద బిందె పెట్టుకుంటాండాం తాతా" అన్నాను. ఆయన నమలడం ఆపేశాడు. "అట్లనా" అన్నాడు. నా తల మీద చెయ్యి పెట్టి, తీసి, తన దోవన పోయాడు.

బడి తెరిచాక టీచరమ్మ మా ఇంటికి వచ్చింది. నాయన ఎదురుపోయి "మీరు చెప్పినట్టే చేసినానమ్మా" అని లోపలికి తీసుకొచ్చి కొళాయి చూపించాడు. ఆమెకు మొదట అర్థం కాలేదు. నాయన సంగతంతా ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే ఆమె ముఖం కొంచెం కొంచెంగా మారిపోయింది. "శెట్టిగారూ, నేను చెప్పింది..." అని మొదలుపెట్టింది. అక్క గబగబా గ్లాసు కడిగి కొళాయి కింద పట్టి ఆమె చేతిలో పెట్టింది.

"తాగండి టీచరమ్మా. తియ్యగా ఉండాయి నీళ్లు."

ఆమె అక్కను చూసింది. అక్క తల అడ్డంగా ఊపింది, చాలా చిన్నగా. టీచరమ్మ ఆ నీళ్లు తాగింది. గ్లాసు ఖాళీ అయ్యేదాకా దించలేదు. "బాగుండాయి శెట్టిగారూ" అంది. ఆ ఏడే ఆమెకు నంద్యాలకు బదిలీ అయింది.

అక్కకు గోస్పాడులో అంగడి ఉన్న ఇంటికి పెళ్లి చేశారు. బావ మంచివాడు. ఇక్కడ టెంకాయలు తట్టిన అక్క అక్కడా టెంకాయలే తట్టింది. నేను నంద్యాలలో కాలేజీలో చేరాను. కాలేజీ లైబ్రరీలో పెద్ద డిక్షనరీ ఉండేది. ఒకరోజు ఊరికే, నిజంగా ఊరికే, ఆ మాట కోసం వెతికాను. ఉండి కూడా ఎవరూ ఇంకా వెలికి తీయనిది అని ఉంది. మళ్లీ చదివాను. క్లాసు ఎగ్గొట్టి గోస్పాడు బస్సెక్కాను.

అక్క అంగట్లో ఒక్కతే ఉంది. పప్పులు చెరుగుతోంది. నేను ఆయాసపడుతూ చెప్పేశాను. కొళాయి కాదక్కా, కాంపౌండరు తప్పు చెప్పినాడు, దాని అర్థం ఇదీ అని. అక్క చేట ఆపలేదు.

"నాకు తెల్సు లే. టీచరమ్మ నాకు ముందే చెప్పింది ఆ మాట."

"తెల్సా? మరి ఆ పొద్దు నాయనకు ఎందుకు చెప్పలేదే?"

"ఏమని చెప్పాల? అంతమందిలో, ఆ నీళ్ల కాడ?" అక్క చేట కింద పెట్టింది. "నాయన ఆ పొద్దు యట్ల నవ్వినాడో చూసినావా నువ్వు?"

"చూసినా."

"మళ్లీ ఎప్పుడన్నా చూసినావా?"

చూడలేదు మరి.

"నాయనకు చెప్పి వచ్చినావా ఏంది?" అని అక్క ఉన్నట్టుండి కంగారుగా లేచింది.

"లేదు. నేరుగా ఈడికే వచ్చినా."

"చెప్పాకు. నా మీద ఒట్టు."

చెప్పలేదు. మా నాయన పోయేదాకా కొత్తవాళ్లు ఎవరొచ్చినా "టీచరమ్మ ఒక మాట అంటే కొళాయి వేయించిన మనిషిని" అని చెప్పుకునేవాడు. అక్క పక్కనుంటే "అవును నాయనా" అనేది. నాకు ఆ ఇంట్లో ఉండబుద్ధయ్యేది కాదు. ఎవరి మీద కోప్పడాలో తెలిస్తే బాగుండేది. కాంపౌండరు మీదా? టీచరమ్మ ఎక్కిన బస్సు మీదా? అందరూ అక్క మేలు కోరినవాళ్లే. ఒక్కరు చెడ్డవాళ్లున్నా నాకు తిట్టుకోవడానికి ఉండేది.

పోయిన వానాకాలం అక్కను నంద్యాల ఆసుపత్రిలో పెట్టాం. నేను పక్కన కూర్చుని ఉంటే, వేలి కణుపుతో ఇనప మంచం పట్టెను తట్టింది. "గట్టిదే" అంది. తర్వాత తన రొమ్ము ఎముక మీద తట్టుకుని, చెవి వొగ్గినట్టు కాసేపు ఊరికే ఉంది. "బొంగురు పోతాందే" అని నన్ను చూసి నవ్వింది. మళ్లీ ఇంటికి రాలేదు.

కర్మలు అయ్యాక ఆళ్లగడ్డ పోయాను. మా ఇల్లు అమ్మి చాలా కాలమైంది. ముందు సెల్‌ఫోన్ల అంగడి, వెనక వాళ్ల గోడౌను. శిల్పాల కొట్టాల్లో ఇప్పుడు కోత మిషన్లు గీమంటున్నాయి. ఆ మోతలో రాయిని తట్టి వినేదెవరు? తట్టినా వినపడదు. అంగడి పిల్లవాడిని బతిమాలి వెనక్కి పోయి చూశాను. రాయి అక్కడే ఉంది. కొళాయి ఏళ్ల తరబడి కారి కారి, దాని మధ్యలో గుంత పడింది. నా పిడికిలి పట్టేంత ఉంది. తామరపువ్వు ఉండాల్సిన చోట ఆ గుంత. "ఆ కొళాయికి నీళ్లు రావు పెద్దమ్మా, మేము క్యాన్లు తెప్పించుకుంటాం" అన్నాడు పిల్లవాడు. నేను వంగి వేలి కణుపుతో రాయిని తట్టాను. నాకు అక్క చెవి లేదు. సిమెంటులో కూరుకుపోయిన రాయి ఎలా పలకాలో నాకేం తెలుసు? ఏమీ వినిపించలేదు.

"అవ్వా! అర్థం చెప్పమంటే యాడికి పోయినావ్?" మనవరాలు విసుక్కుంది.

"ఉండి కూడా ఎవరూ ఇంకా వాడుకోనిది" అన్నాను.

వేలితో టకటకా నొక్కింది. "ఇప్పుడు పాజిటివా, నెగెటివా? పాజిటివే గదా? ఇంకా వాడుకోవచ్చు అని గదా అవ్వా?"

నేను ఇంకో చింతగింజ తీసి పక్కన పడేశాను.

"ఓకే, పాజిటివ్" అని నొక్కింది. "చూడు, కరెక్ట్!" అని ఫోన్ తిప్పి నాకు చూపించింది. పచ్చ టిక్కు పడింది. ఆ ఫోనుకు మా అక్క తెలియదు.